పల్చనివి ముందు, చిక్కనివి తర్వాత

నా నోరు మంచిది కాదని టోంగ్‌యంగ్ రేవులో అందరికీ తెలుసు. అయినా నా బల్ల మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఇరవై ఆరేళ్ళుగా యున్హా స్నానశాలలో ఆడవాళ్ళ ఒళ్ళు రుద్దుతున్నాను. చేతికి పచ్చ గరుకు గుడ్డ తొడుక్కుని, వేడినీళ్ళ తొట్టిలో బాగా నానిన మనిషిని బల్లమీద పడుకోబెట్టి, మెడ నుంచి మడమల దాకా మకిలి లేపేస్తాను. ఒక పక్క అయ్యాక తొడమీద ఒక్కటి చరిస్తే రెండో పక్కకి తిరగాలి. ఎంత గొప్పింటి ఆవిడైనా సరే, చరిస్తే తిరగాల్సిందే. బట్టల్లేనప్పుడు అందరూ ఒకటే కదా.

నేను తీసే మనిషిని. పెట్టే మనిషి జంగోక్ అక్క.

యోమ్ జంగోక్. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది, అరవై ఆరు నిండాయి. ముఖానికి పూసుకునే సరుకు ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది, ముప్పై ఏళ్ళుగా అదే పని. ప్రతి మంగళవారం పదింటికల్లా మా స్నానశాలకి దిగుతుంది. బట్టలు మార్చుకునే గదిలో నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. స్నానాలు ముగించిన ఆడవాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని ఆ నేలమీదే వరసగా వెల్లకిలా పడుకుంటారు. అక్క వాళ్ళ తలల దగ్గర మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కరి ముఖానికీ పూసుకుంటూ పోతుంది. "మూడు నిమిషాలే ఉన్నాయి! కబుర్లు తర్వాత! తడారిపోయాక పూస్తే గోడకి పూసినట్టే!" అని కేకలేస్తుంది. నా బల్ల దాకా వినిపిస్తుంది ఆ గొంతు.

ఐదు సీసాలు. మొదటిది స్కిన్. పేరుకే స్కిన్, చూడ్డానికి ఉత్త నీళ్ళు. దాని మీద ఎసెన్స్, కాస్త జారుడుగా ఉంటుంది. దాని మీద యాంపూల్, డ్రాపరుతో నాలుగే చుక్కలు. ఆ తర్వాత పాలలాంటి లోషన్. ఆఖర్న క్రీమ్, అన్నిటికీ మూత పెట్టినట్టు. పల్చనివి ముందు, చిక్కనివి తర్వాత. తిరగేశావంటే ఏదీ లోపలికి దిగదు. ఇంకోటి, పాముకోకూడదు, తట్టాలి. "రుద్దుడు మల్సూన్ పని. నా దగ్గర తట్టుడే" అనేది అక్క. మల్సూన్ అంటే నేనే. ముప్పై ఏళ్ళలో ఈ వరస ఒక్కసారి కూడా తప్పలేదు ఆవిడ. నిద్రలో లేపినా చెప్పేస్తుంది.

ఈ ఏడాది చలికాలంలో కంపెనీ వాళ్ళు సీసాలు మార్చారు. అదివరకు ఒకదాని మూత బంగారు రంగు, ఒకటి పొట్టిది, ఒకటి నీలం గాజుది, దేని దారి దానిదే. ఇప్పుడన్నీ ఒకే ఎత్తు, ఒకే తెలుపు, ఒకే మూత. క్రీమ్‌ని కూడా డబ్బాలోంచి తీసి సీసాలో పోశారు. పేర్లు మాత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. అందరం చూసి "అబ్బ, ఎంత అందంగా ఉన్నాయో" అన్నాం. అక్క మాత్రం ఏమీ అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఫిబ్రవరిలో ఓ మంగళవారం. ఆ రోజు మొదట పడుకున్నది బోరమ్ వాళ్ళమ్మ. ఆల్చిప్పలు ఒలిచే షెడ్లో పని ఆవిడది. పొద్దుగూకులూ ఉప్పునీళ్ళలో నిలబడి, చలిగాలికి ముఖమంతా పొలుసులు కట్టించుకుని వస్తుంది. మరో పదకొండు రోజుల్లో కూతురు బోరమ్ పెళ్ళి. పెళ్ళిలో ముందుగా ఇద్దరు తల్లులూ వేదికెక్కి కొవ్వొత్తులు వెలిగించాలి. ఆ నిమిషం హాల్లో ప్రతి కన్నూ ఆ రెండు ముఖాల మీదే ఉంటుంది. పెళ్ళికొడుకు తల్లి బుసాన్‌లో ఉంటుంది, ఎండ పొడ కూడా తగలని మనిషి. అందుకే బోరమ్ వాళ్ళమ్మ నెల ముందునుంచీ అక్కని పట్టుకుంది. "ఆవిడ పక్కన నిలబడితే నేను ఎండుచేపలా కనబడకూడదక్కా, అంతే" అని.

అక్క పూసింది. నేను అప్పుడే చేతులు తుడుచుకుంటూ గదిలోకొచ్చాను. బోరమ్ వాళ్ళమ్మ ముఖం మీద నీళ్ళు తామరాకు మీద బొట్లలా నిలబడి, జారి, చెవుల్లోకి పోతున్నాయి.

"అక్కా, ఏంటిది, చెవుల్లోకి పోతోందేంటి?" అని లేచి కూర్చుందావిడ. చెంప తడుముకుని చూసుకుంది. "ఇది క్రీమ్ కదూ? క్రీమ్ ముందు రాసేశావా?"

జంగోక్ అక్క చేతిలో సీసా అలాగే ఉంది.

"ఆ... ఇవాళ... ముందు కొంచెం మెత్తబరుద్దామని" అంది అక్క. ఆ గొంతు ఆవిడది కాదు.

"ముప్పై ఏళ్ళుగా మా చెవులు చిల్లులు పడేలా అరిచి నువ్వే తిరగేశావా!" అని పక్కన పడుకున్న బట్టల కొట్టావిడ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ మాట ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. అక్క కూడా నవ్వి, సీసాలు సంచీలో సర్దుకుని, మిగతావాళ్ళకి పూయకుండానే వెళ్ళిపోయింది.

ఆవిడ గుమ్మం దాటీ దాటగానే మొదలైంది. "మతిమరుపు జబ్బేమో." "మా అత్తకీ ఇలాగే మొదలైంది, ఉప్పు బదులు చక్కెర వేసేది." "పాపం, వయసు కదా." బోరమ్ వాళ్ళమ్మ ముఖం తుడుచుకుంటూ, "పెళ్ళి దగ్గరికొచ్చింది, నేనింక నా ముఖం నేనే చూసుకుంటానమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు గానీ మండింది. అందరినీ తిట్టి లోపలికి పోయాను.

గురువారం మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ చూసుకుని, అక్క ఒళ్ళు రుద్దించుకోవడానికొచ్చింది. నేను అద్దం పక్కన కూర్చుని సిక్హే, అదే చల్లటి బియ్యపు పానకం, తాగుతున్నాను. నన్ను చూడలేదు. నేరుగా ఎదురుగా ఉన్నాను, అయినా చూడలేదు. తాళంచెవి పట్టుకుని బీరువాల వరస దగ్గరికెళ్ళి, తలుపుల మీద వేళ్ళు ఆనించి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఏడో తలుపు దగ్గర ఆగి తాళంచెవి పెట్టింది. పట్టలేదు. ఒక తలుపు వెనక్కొచ్చింది. పట్టలేదు.

ఏమీ మాట్లాడలేదు నేను. నా నోటికది పెద్ద విషయమే. బల్లమీద పడుకోబెట్టి, వీపంతా రుద్దడం అయ్యాక, తొడమీద చరిచి తిప్పి, అప్పుడడిగాను.

"అక్కా, నా ముఖం కనబడుతోందా?"

తల కాస్త పక్కకి తిప్పి నా వైపు ఓరగా చూసింది.

"నీ చెవులు కనబడుతున్నాయి. ముక్కు లేదు" అంది.

కంట్లో సరిగ్గా మధ్యన మచ్చ పడిందట. పక్కలు కనబడతాయట. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుందట. ముందు ఒక కన్ను, నిరుటి నుంచి రెండోది. బుసాన్ డాక్టరు ఇంజక్షన్లు వేస్తున్నాడట. ఇంకా పాడవకుండా ఆపగలను గానీ పోయింది తేలేనన్నాడట. పాత సీసాలైతే రంగుల్ని బట్టీ ఎత్తుల్ని బట్టీ నెట్టుకొచ్చింది. కొత్తవి వచ్చి నట్టేట ముంచాయి.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను. కోపమొస్తే నాకు అక్కా లేదు, చెల్లీ లేదు.

"చెబితే ఏమవుతుంది? రేపట్నుంచి నేను గుడ్డి జంగోక్‌ని. అందరూ మంచోళ్ళే, తలా ఒక సీసా కొంటారు. ఇంటికి తీసుకెళ్ళి మూత కూడా తీయరు. నాకు తెలుసు, నేనూ అలా కొన్నాను ఒకప్పుడు, కాలు లేని ఓ చీపుర్ల ఆయన దగ్గర. ఆ చీపురు ఇప్పటికీ అటక మీదే ఉంది." బల్లమీద లేచి కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. "మల్సూన్, అలా కొంటే నేను చచ్చిపోతాను. జాలిపడి కొన్న సీసా ఒక్కటి కూడా నాకొద్దు. దానికంటే మానేస్తాను. నువ్వు ఎవరికీ చెప్పనని మాటివ్వు."

మాటిచ్చాను. బకెట్టెడు వేడినీళ్ళు తీసి ఆవిడ వీపున కుమ్మరించాను, ఇంకేం చేయాలో తోచక.

తర్వాతి మంగళవారం అక్క రాలేదు. జలుబు అని కబురు పంపింది. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బోరమ్ వాళ్ళమ్మ కూతురి సీసాలు బుట్టలో తెచ్చుకుని అద్దం ముందు తనే పూసుకుంది, కాగితం మీద వరస రాసుకుని మరీ.

బుధవారం మా స్నానశాలకి సెలవు. తొట్లు ఖాళీ చేసి కడిగే రోజు. కడగడం అయ్యాక వెనక సందులో ఉన్న అక్క ఇంటికెళ్ళి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"ఎక్కడికే? జుట్టు కూడా దువ్వుకోలేదు!"

"నా ఒక్కదానికే కదా కనబడేది, పద."

వెచ్చని నేలమీద కూర్చోబెట్టి, ఐదు సీసాలూ కలగాపులగం చేసి ముందు పెట్టాను. "పల్చనివి ముందు, చిక్కనివి తర్వాత అని ముప్పై ఏళ్ళు అరిచింది ఎవరు? పల్చనేదో చిక్కనేదో చెప్పడానికి కళ్ళెందుకు? చెయ్యి వెనక్కి తిప్పి చుక్క వేసుకో."

వేసుకుంది. ఒకటి జర్రున జారిపోయింది. "స్కిన్." ఇంకోటి వేసినచోటే కదలకుండా కూర్చుంది. "క్రీమ్." లోషన్ కూడా పట్టేసింది. ముఖం వెలిగింది అక్కకి. కానీ ఎసెన్సూ, యాంపూలూ దగ్గరకొచ్చేసరికి బండి ఆగింది. రెండూ ఒకేలా జారుతున్నాయి. ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది, మూడోసారీ తప్పింది. పక్కనుంచి నేను కూడా వేలు పెట్టి చూశాను. నా వేళ్ళు ఇరవై ఆరేళ్ళుగా నీళ్ళలో నాని బండబారిపోయాయి, నాకు ఆముదానికీ నీళ్ళకీ తేడా తెలిస్తే గొప్ప.

"ఇంక నా వల్ల కాదే" అని అక్క సీసాలన్నీ అవతలికి నెట్టేసింది. "రెండూ అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అని నువ్వంటావు. నాకు తెలుసు ఏమవుతుందో. సగం దిగి సగం పైన తేలుతుంది. పౌడరు వేస్తే పెచ్చులు లేస్తుంది. ఆ మాత్రం కూడా తెలియకుండా ఒకరి ముఖం మీద చెయ్యెలా వేస్తాను?"

"చేతిమీద చూస్తే ఎలా తెలుస్తుంది? నీ చెయ్యి ముఖమా? ఇదిగో, నా మీద వెయ్యి" అని నేను వెల్లకిలా పడుకున్నాను.

చెబితే నమ్మరు గానీ అదే మొదటిసారి. ఇన్నేళ్ళ స్నేహంలో ఒక్కసారి కూడా నేను అక్క చేత పూయించుకోలేదు. రోజంతా ఆవిరిలో ఉండేదాన్ని, పూసినా కారిపోతుంది, నాకెందుకులే అని. ఒకరి తర్వాత ఒకరి చర్మం మీంచి మకిలి లాగేయడమే నాకు తెలుసు. నా మీద ఎవరైనా ఏదైనా వేసింది లేదు.

అక్క వేళ్ళు చల్లగా ఉన్నాయి. స్కిన్ వేసి తట్టింది. నుదురు, చెంపలు, గెడ్డం, మెడ. చప్ చప్ చప్ చప్. కాసేపాగింది. మళ్ళీ తట్టింది. ఒక్కసారిగా వేళ్ళు ఆగిపోయాయి.

"మల్సూన్. విన్నావా?"

"ఏం వినాలి?"

"ముందు తడి చప్పుడు. ఇప్పుడు చూడు, అంటుకుని ఊడుతున్న చప్పుడు. తాగేసింది." ఇంకో సీసాలోంచి వేసి తట్టింది. "ఇది ఇరవై తట్లకి తాగింది. ఎసెన్స్." కడిగి, తుడిచి, మళ్ళీ మొదటినుంచి. "ఇది నలభై అయినా ఇంకా పైనే తిరుగుతోంది, చివరికి వేలిని పట్టుకుంటోంది. ఇది యాంపూల్." నేను మళ్ళీ సీసాలు కలిపేశాను. చెప్పింది. మళ్ళీ కలిపాను. చెప్పింది. ఎనిమిదిసార్లు కలిపితే ఎనిమిదిసార్లూ చెప్పింది.

"ఇన్నాళ్ళూ సీసాలనే చూస్తూ వచ్చానే" అంది అక్క నెమ్మదిగా. "ముఖం చెబుతుంటే వినలేదు."

ఏడుపొచ్చింది నాకు. ఆవిడ కోసమా, నా ముఖం మీద ఐదు పొరలు పడ్డందుకా, తెలియదు. "నీ చర్మం గుమ్మడికాయ తొక్కలా ఉందే, ఎనిమిదిసార్లు పోశాక ఇప్పుడు కాస్త మనిషిలా తయారైంది" అని అక్క గిల్లింది. "నీ మొహం, నువ్వు చూశావా చచ్చావా" అని నేనూ అన్నాను. ఇద్దరం నేలమీద దొర్లి దొర్లి నవ్వాం.

శుక్రవారం సాయంత్రం బోరమ్ వాళ్ళమ్మ నా బల్లమీదకొచ్చింది. తెల్లవారితే పెళ్ళి. ఒళ్ళంతా రుద్దాను. "ముఖం కూడా రుద్దు మల్సూన్, ఒక్క పొర మకిలి కూడా మిగలకూడదు" అంది. "ముఖానికి ఈ గుడ్డ తగిలించావంటే చేతులు విరగ్గొడతా" అన్నాను. "సరేలే తల్లీ" అని నవ్వుతూ వెళ్ళింది.

శనివారం పొద్దున్న ఐదింటికి తలుపు తీశామో లేదో, నెత్తిన శాలువా కప్పుకుని వచ్చి నా ముందు నిలబడింది. శాలువా తీసింది. చెంపలు రెండూ ఉడికిన పీతలా ఎర్రగా ఉన్నాయి, ముక్కు పక్కన పొట్టు లేచింది.

"రుద్దుకున్నావా?"

"కొంచెమే..." అని భోరుమంది. "మా అమ్మ నా పెళ్ళికి ముందు రోజు అలాగే రుద్దుకుంది. పెళ్ళంటే ఒంటిమీద పాతదేదీ ఉండకూడదు అనేది. ఆ తర్వాత బోరమ్ యాంపూల్ ఎక్కువెక్కువ పోసుకున్నాను. రాత్రంతా మండింది మల్సూన్! ఎనిమిదింటికి మేకప్ పిల్లల దగ్గరికెళ్ళాలి, పదకొండింటికి కొవ్వొత్తి వెలిగించాలి. దీని మీద పౌడరు నిలుస్తుందా? అందరూ చూస్తారే! నా కూతురు పరువు పోతుందే!"

తిడదామనుకున్నాను. ఆ ముఖం చూస్తే నోరు రాలేదు. "కూర్చో. ఏడవకు, ఉప్పునీళ్ళు తగిలితే ఇంకా మండుతుంది. జంగోక్ అక్కని తీసుకొస్తాను."

"ఆవిడనా? ఆవిడకి..." అని తల దగ్గర వేలు తిప్పింది.

"ఇంకెవరున్నారే నీకు ఈ వేళప్పుడు? కూర్చో నోరుమూసుకుని!"

అక్క లేచే ఉంది. విషయం చెబితే చెప్పులు వేసుకోబోయి ఆగిపోయింది. "ఎర్రదనం నాకు తెలియదే మల్సూన్. ఎంత తగ్గిందో, ఎప్పుడాపాలో ఎలా తెలుస్తుంది?"

"నేను పక్కనే కూర్చుంటాను. తగ్గితే నీ భుజం మీద తడతాను. ఎవరికీ తెలియదు. రా."

వచ్చేసరికి గదిలో ఇంకో నలుగురు చేరారు, బట్టల కొట్టావిడతో సహా. పొద్దున్నే రేవు పనికి పోయే ముందు తొట్టిలో మునిగేవాళ్ళు. అక్క ఎవరినీ పలకరించలేదు. మోకాళ్ళమీద కూర్చుని, బోరమ్ వాళ్ళమ్మ ముఖం దగ్గరగా చెయ్యి పెట్టింది, తాకకుండా. వేడి చూసింది. తర్వాత వేలి వెనకభాగంతో మెల్లిగా నుదుటినుంచి గెడ్డం దాకా తడిమింది. అన్నం మెత్తగా ఉడికిందో లేదో చూసినట్టు.

"ఇక్కడ పొట్టు లేచింది. ఇక్కడ కూడా. యాంపూల్ వద్దు, ఎసెన్స్ వద్దు. వాటిని అవతల పెట్టు మల్సూన్. ముందు దాహం తీరాలి దీనికి."

స్కిన్ ఒక్కటే. అరచేతిలో పోసుకుని, చెంపల మీద అలా ఆనించి ఉంచింది. తట్టలేదు. తాగేదాకా కదపలేదు. మళ్ళీ పోసింది. మళ్ళీ ఆనించింది. మూడో పొరకి బోరమ్ వాళ్ళమ్మ "మండట్లేదక్కా" అంది. "నోరు కదపకు" అంది అక్క. నాలుగు. ఐదు. గదిలో ఎవరూ తొట్టిలోకి పోవట్లేదు, తువ్వాళ్ళు కప్పుకుని చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆరు. ఏడో పొర దగ్గర అక్క చెవి వంచి, వేళ్ళతో చాలా మెల్లిగా తట్టింది, విన్నది. "ఇంక చాలంటోంది." లోషన్ కొంచెం. క్రీమ్ అయితే అరచేతుల్లో కరిగించి, పొట్టు లేచినచోట మాత్రం అద్దింది. మొత్తం గంట పైన పట్టింది.

నేను చూస్తున్నాను. ఎరుపు సద్దుమణిగింది. ముక్కు పక్కన పొట్టు అణిగి మెరుస్తోంది. అక్క భుజం మీద తట్టాను.

అదే నిమిషంలో బోరమ్ వాళ్ళమ్మ కళ్ళు తెరిచి, ముఖం అక్క ముఖానికి జానెడు దూరంలోకి తెచ్చింది. "చూడక్కా. సరిగ్గా చూసి చెప్పు. ఇంకా ఎర్రగా ఉందా? బావున్నానా?"

మళ్ళీ తట్టాను. గట్టిగా తట్టాను. బావుందని ఒక్క మాటంటే అయిపోయేది.

అక్క నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"నాకు కనబడదు బోరమ్ వాళ్ళమ్మా" అంది. "నీ చెవులు కనబడుతున్నాయి, జుట్టు కనబడుతోంది. ముఖం కనబడదు. నా కళ్ళు పోయాయి. మొన్న క్రీమ్ ముందు రాసింది అందుకే. ఇవాళ చేతులతో చేశాను, బాగానే వచ్చిందనుకుంటున్నాను. కానీ చూడని ముఖాన్ని బావుందని చెప్పలేను, అందులోనూ నీ కూతురి పెళ్ళి రోజున. అద్దంలో నువ్వే చూసుకో."

ఇంక అయిపోయింది, ఇప్పుడు అందరూ పాపం పాపం అంటారు, తలా ఒక సీసా అడుగుతారు, ఈవిడ రేపట్నుంచి గడప దాటదు అనుకున్నాను.

బోరమ్ వాళ్ళమ్మ అద్దం వైపు తిరగనేలేదు. నోరు తెరుచుకుని అక్కనే చూసింది.

"కళ్ళా?" అంది. "కళ్ళేనా! ఓసి నీ దుంపతెగ! మతి పోయిందనుకున్నానే! రేపోమాపో మా పేర్లు కూడా మర్చిపోతావని, నన్నెవరని అడుగుతావని, పదకొండు రోజులుగా అన్నం సయించట్లేదే నాకు! కళ్ళేనా! ముందే చెప్పి చావచ్చు కదా!" అక్క భుజాలు పట్టుకుని ఊపేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఏడవకు!" అని అరిచాను నేను. "ఏడిస్తే మళ్ళీ ఏడు పొరలు!"

"నేను ఏడవట్లేదు!" అని తల వెనక్కి వాల్చి, కన్నీళ్ళు చెంపల మీద పడకుండా కప్పు వైపు చూస్తూ నిలబడింది. అలాగే అద్దం దగ్గరికి నడిచి, అప్పుడు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "మొన్నటి దానికి మాత్రం నిన్ను వదలనక్కా. చెవిలో నీళ్ళు పోయి రెండు రోజులు వినపడలేదు నాకు. మంగళవారం నాకు ఊరికే పూయాలి. ఇవాళ్టి ఈ మెరుపే మళ్ళీ రావాలి. రాలేదో, చూడు."

"ఊరికే ఎందుకు పూస్తాను? గాడిద చాకిరీ చేశాను ఇప్పుడు గంటసేపు!" అంది జంగోక్ అక్క. ఆ గొంతు ఆవిడదే.

ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఎనిమిదింటికి మేకప్ వేయించుకోవలసిన మనిషి ఏడుంపావు దాకా నిలబడి బేరమాడింది. జాలిపడే మనిషి అలా బేరమాడదు. అక్క ముఖం చూశాను, ఆవిడకి కూడా అది తెలిసిపోయింది.

పెళ్ళికి నేను వెళ్ళాను. బోరమ్ వాళ్ళమ్మ కొవ్వొత్తి వెలిగించినప్పుడు ముఖం మీద పౌడరు ఎక్కడా లేవలేదు. బుసాన్ ఆవిడే తర్వాత పక్కకి పిలిచి ఏం పూసుకుంటారని అడిగిందట. చెప్పలేదట మనావిడ.

ఇప్పుడు మంగళవారాలు ఎలా ఉంటాయంటే, అక్క ఒకరికి పూస్తుంటే తర్వాతి ఇద్దరూ పక్కన బోర్లా పడుకుని ఆ ముఖాన్నే చూస్తుంటారు. "ఎలా ఉంది, ఎరుపేమైనా ఉందా?" అని అడుగుతుంది అక్క. "ముక్కు పక్కన కొంచెం" అంటుంది ఒకావిడ. "ఎక్కడే? నీకు కళ్ళా కాయలా? చక్కగా ఉంటే!" అంటుంది ఇంకొకావిడ. "అది పుట్టుమచ్చ!" అని మూడో మూలనుంచి కేక. పూయించుకుంటున్న మనిషి కదలకుండా పడుకునే వీళ్ళందర్నీ తిడుతుంది. బట్టల కొట్టావిడ ఇంతవరకు ఒక్క ముఖాన్ని కూడా బాగుందని ఒప్పుకోలేదు. "అందరూ ఒకేసారి అరవకండే, ముఖం ఏం చెబుతోందో నాకు వినబడట్లేదు!" అంటుంది జంగోక్ అక్క, వేళ్ళు మాత్రం ఆపకుండా తడుతూనే.